అత్తగారిని సాగనంపే పాట

తమ భాష అంతరించిపోయిందన్న సంగతి దోన్యా ఎర్మెలిందాకు రేడియో ద్వారా తెలిసింది. అప్పుడావిడ మసాతో అనే కల్లు కోసం ఉడికిన కర్రపెండలాన్ని తెడ్డుతో మెదుపుతూ ఉంది. రేడియో స్పానిష్‌లో మాట్లాడింది కనుక సగమే అర్థమైంది. మిగతా సగం కూతురు రోసాల్బీనా, చేపకు పొలుసు తీస్తూ, విడమరిచి చెప్పింది.

"మన మాట అయిపోయిందటమ్మా. మాట్లాడేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదట."

"ఎవరన్నారు?"

"రాజధానిలో, లీమాలో ఏదో ఆఫీసట."

"నన్నడగలేదే," అంది ఎర్మెలిందా, తెడ్డు ఆపకుండా.

రేడియోవాళ్ళు మర్యాదకేమీ లోటు చేయలేదు. వార్త చదివినాయన గొంతు తగ్గించాడు. ఒక వేణువు కాసేపు ఏడ్చింది. ఆ తరవాత పడవ ఇంజను ఆయిలు ప్రకటన వచ్చింది. ఒక భాషకు ఇంతకన్నా ఘనమైన సంతాపం ఏ ప్రభుత్వమూ జరిపించి ఉండదు. లోటల్లా ఒక్కటే, చచ్చిపోయిన భాష ఇంకా పొయ్యి పక్కన కూచుని పెండలం మెదుపుతోంది.

ఆ భాషకు దాన్ని మాట్లాడేవాళ్ళు పెట్టుకున్న పేరు 'మన మాట'. బయటివాళ్ళు పెట్టిన పేరు ఇంకొకటి ఉంది. అది పొరుగు తెగవాళ్ళ తిట్టు కాబట్టి ఇక్కడ దానితో పనిలేదు. ఆఫీసు మాట ఎలా ఉన్నా, ఆ రోజుకి శాన్ ఎలాదియో ఊళ్ళో మన మాట తెలిసినవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు ఎర్మెలిందా. రెండోవాడు ఆవిడ అల్లుడు తెయోదోమీరో. ఒకే ఇంట్లో, ఒకే తాటాకుల కప్పు కింద ఉంటారు. వాళ్ళ మధ్య తగవులేమీ లేవు. కాకపోతే ఇద్దరూ మాట్లాడుకోరు. అత్తా అల్లుడూ ఎదురుపడకూడదు, ఒకరితో ఒకరు మాట్లాడకూడదు అన్నది వాళ్ళ ఆచారం. గుంజల మీది ఆ ఇంటికి అతను నిచ్చెన ఎక్కుతూ దగ్గుతాడు, ఆవిడ గోడవైపు తిరుగుతుంది. ఇరవై ఏళ్ళ పైచిలుకుగా ఆ గోడ ఆవిడకు కంఠతా వచ్చింది.

భాషకు మిగిలింది ఇద్దరు, ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఆఫీసువాళ్ళు ఇంకాస్త లోతుగా పరిశోధించినా ఇదే తేల్చేవాళ్ళేమో.

ఇలాంటి అల్లుణ్ణి ఎర్మెలిందా ఏరి కోరి తెచ్చుకుంది. అది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఆవిడ పుట్టింది నది మొదట్లో, నీళ్ళు ఇంకా తేటగా ఉండేచోట. కలప కూపులో చెట్టు కూలి మొగుడు పోయినప్పుడు రోసాల్బీనాకి ఏడేళ్ళు. ఆ ఏడే సన్యాసినుల పడవ వచ్చింది. పిల్లకు స్పానిష్ నేర్పిస్తాం, రేపు ఏ వర్తకుడూ దాన్ని మోసం చేయలేడు అన్నారు. మాట సబబుగానే తోచి ఎర్మెలిందా పంపింది. బడిలో మన మాట మాట్లాడిన పిల్లలకు నోట్లో సబ్బు పెట్టేవాళ్ళని ఆవిడకు తరవాతెప్పుడో తెలిసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, పిల్ల పెద్దదై తిరిగొచ్చేసరికి దానికి ప్రార్థనలు వచ్చు, ఎక్కాలు వచ్చు, అల్లికలు వచ్చు. తల్లితో మాట్లాడడం మటుకు రాదు. తల్లి వంటింటికి సరిపడా స్పానిష్ నేర్చుకుంది. ఉప్పు, వాన, చేప, జ్వరం. ఆ భాషలో కోప్పడడానికి వీలుంది గానీ అంతకుమించి కుదరదు.

అప్పటికి ఎగువనున్న కుటుంబాలన్నీ ఒక్కొక్కటిగా దిగువకు, శాన్ ఎలాదియోకు వచ్చి చేరాయి. రోసాల్బీనాకు సంబంధాలు వచ్చాయి. కిరాణా కొట్టు కుర్రాడొకడు, పడవ సరంగు ఒకడు. ఎర్మెలిందా అందర్నీ కాదని, పడవ ఇంజన్లు బాగుచేసే తెయోదోమీరోను పట్టుకుంది. అతనికి ఆస్తి లేదు, అందం లేదు, మాటకారితనం లేదు. ఒక్క మన మాట ఉంది. ఎగువన ముసలి అమ్మమ్మ దగ్గర పెరిగినవాడు.

ఎందుకంటే పాట పాడాలి. మనిషి పోతే ఇంటి అల్లుడు రేవులో నిలబడి, ఊరి నుంచి నది మొదలు దాకా ఉన్న వంపులన్నీ వరసగా పేరు పెట్టి పాడతాడు. పోయినవాళ్ళు ఆ పాట వింటూ ఒక్కో వంపూ దాటుకుంటూ తమవాళ్ళ దగ్గరికి చేరుకుంటారు. పిల్లనిచ్చినందుకు అల్లుడు తీర్చుకునే రుణం అదే. పాటలో ఒక్క వంపు తప్పినా పోయినవాళ్ళు పక్క పాయలోకి తిరిగి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య కలకాలం పడి ఉండాలి. పూర్వం ఆ పాయలో శత్రువులుండేవాళ్ళు. ఇప్పుడు రంపపు మిల్లుంది. ఏది నయమో పెద్దలు తేల్చలేదు.

ఇంత దూరం ఆలోచించిన ఎర్మెలిందా ఒక్క సంగతి ఆలోచించలేదు. అల్లుణ్ణి చేసుకున్న పూటే తనకు మాట్లాడేందుకు ఉన్నవాళ్ళలో ఒక మనిషి తగ్గిపోయాడు. అప్పట్లో అది లోటనిపించలేదు. సాయంత్రం అరుగుల మీద మన మాటలో బోలెడు మంది పోట్లాడుకునేవాళ్ళు. తరవాత తరవాత ఆ పోట్లాటలు పలచబడ్డాయి.

ఆచారం దయలేనిదేమీ కాదు, ఒక సందు ఉంచింది. కుక్కతో మాట్లాడొచ్చు. కుక్కతో అంటున్నది పక్కవాళ్ళ చెవిన పడితే అది ఎవరి తప్పూ కాదు. "కుక్కా, కప్పు ఆ మూల కారుతోంది," అని ఎర్మెలిందా అంటే, మర్నాడు తెయోదోమీరో కప్పెక్కుతాడు. "కుక్కా, ఇవాళ చేపల్లో ఉప్పెక్కువైంది," అని అతనంటే ఆవిడ ఆ పూటంతా కుక్కతో మాట్లాడదు. ఆ ఉద్యోగంలో ఇప్పుడున్న కుక్క పేరు కాపితాన్. అంతకుముందు దాని తాత ముత్తాతలు ఇదే కొలువు చేశారు. కాపితాన్‌కు స్పానిష్ ఒక్క ముక్క రాదు. లెక్క ప్రకారం మన మాట తెలిసినవాళ్ళలో అది మూడోది.

ఊళ్ళో మాత్రం తెయోదోమీరోకు గొప్ప పేరు. అత్తగారు తుమ్మితే చాలు, చేస్తున్న ఇంజను అక్కడ పడేసి అడవిలోకి పోయి పిల్లిగోరు తీగ బెరడు తెచ్చి కాచి పెట్టిస్తాడు. చలిగాలి వీస్తే తాబేలు పులుసు. నేల తడిగా ఉంటే ఆవిడ నడిచే దారంతా బల్లలు. ఊళ్ళో అత్తలందరూ తమ అల్లుళ్ళను అతనితో పోల్చి దెప్పేవాళ్ళు. ఆ పాపం వల్ల అతనికి మగవాళ్ళలో స్నేహితులు తక్కువ.

కిందటి వానాకాలం లిసార్దో పోయాడు. ఎర్మెలిందాకు పెదనాన్న కొడుకు, అరుగు మీద మిగిలిన ఆఖరివాడు. అతనికి ఆడపిల్లల్లేరు, కాబట్టి అల్లుడూ లేడు. ప్రార్థనలు చదివించే దోన్ అర్కీమెదెస్ లౌడ్‌స్పీకర్ తెచ్చి, స్పానిష్‌లో ఘనంగా జరిపించాడు. అంతా చక్కగా ఉందన్నారు. ఎర్మెలిందాకు మాత్రం ఆ రోజు నుంచి కంటి మీద కునుకు లేదు. లిసార్దోకు వచ్చిన స్పానిష్ రెండు మాటలు, 'ఎంత?' అనీ 'రేపు' అనీ. ఆ రెంటితో ఏ దారి కనుక్కుంటాడు? ఇంకా రేవులోనే నిలబడి ఉంటాడు, దోమలు కుట్టించుకుంటూ. అందుకు తార్కాణం కూడా ఉంది. కట్టేసిన పడవలు వాటంతటవే విడిపోతున్నాయి, కోళ్ళు రేవు వైపు పోవడం లేదు.

లిసార్దో దిగులు అక్కడితో ఆగితే బాగుండేది. అది మెల్లగా తన దగ్గరికి వచ్చింది. తన అల్లుడికి పాట వచ్చా? అతను పాడగా ఆవిడ ఎన్నడూ వినలేదు. ఇన్నాళ్ళూ ఎవరి అల్లుడు వాళ్ళకు పాడారు. సాధన చేయమనడానికి వీల్లేదు. చచ్చినవాళ్ళు లేకుండా ఆ పాట పాడితే బతికున్నవాళ్ళలో ఎవరో ఒకరు లేచి బయల్దేరుతారు. పోనీ చచ్చినట్టు పడుకుని చూద్దామా అని కూడా ఆవిడ ఆలోచించింది. అల్లుడికి పాట వస్తే నిజంగానే వెళ్ళిపోవలసి వస్తుంది. రాకపోతే లేచి కూచుని తిట్టడానికి ఆచారం ఒప్పుకోదు. అందుకని ఆ ఉపాయం మానుకుంది.

రేడియో వార్త విన్నాక ఇక తాత్సారం పనికిరాదనిపించింది. ఆఫీసు ఊరికే అనదు, ఏదో గడువు పెట్టే ఉంటారు. మధ్యాహ్నం తెయోదోమీరో దగ్గి, నిచ్చెనెక్కి, ఇద్దరికీ మధ్య కట్టిన తెరకు అవతల భోజనానికి కూచున్నాక, ఎర్మెలిందా గోడవైపు తిరిగి గొంతు సవరించుకుంది.

"కుక్కా, పాపం లిసార్దో ఇంకా రేవులోనే ఉన్నాడు. ఈ ఊళ్ళో అల్లుడన్నవాడు ఒక్కడుంటే ఆయన్ని సాగనంపేవాడు. తన మామ కాకపోయినా ఆచారం కాదనదు. నేను బాగా ఆలోచించాను."

తెర అవతల చెంచా చప్పుడు ఆగింది. కాపితాన్ మర్యాదగా తెరకు ఇటూ అటూ చూసింది.

"కుక్కా," అన్నాడు తెయోదోమీరో చివరకు, "అల్లుడు లేకేం, ఉన్నాడు. పాటే సరిగా రాదు. అమ్మమ్మ పోయినప్పుడు విన్నాడు. అప్పుడు చిన్నవాడు, సగంలో నిద్రపోయాడు. చిలకల మట్టిగోడ వంపు దాకా వచ్చు. ఆపైన అంతా మసక."

ఎర్మెలిందా గోడకు చెయ్యి ఆనించింది.

"కుక్కా, ఇన్నేళ్ళూ ఆ సంగతి చెప్పలేదేం ఎవరూ?"

"ఎలా చెప్తారు కుక్కా? ఆ పాట వచ్చనేగా పిల్లనిచ్చింది. రాదంటే పిల్లని వెనక్కి పట్టుకుపోరూ? అందుకే పెద్దావిడకి తుమ్మొచ్చినప్పుడల్లా ఇక్కడొకడికి గుండె జారిపోతుంది. బెరడు తెచ్చి, పులుసు కాచి, నేల మీద బల్లలేసి... ఆవిడ బతికున్నన్నాళ్ళే వాడి బండారం దాగేది."

ఊరంతా మెచ్చుకున్న అల్లుడి భక్తి రహస్యం అలా ఒక కుక్క సమక్షంలో బయటపడింది. ఎర్మెలిందా భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని రోసాల్బీనా పొయ్యి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. ఏడవడం లేదు, నవ్వుతోంది. అల్లుడు మంచివాడని ఇన్నాళ్ళూ మొహమాటంతో చేదు కషాయాలన్నీ తాగింది ఆవిడ.

నవ్వడం అయ్యాక కుక్కకు ఇంకో సంగతి చెప్పింది. ఆడవాళ్ళు ఆ పాట పాడకూడదు గానీ వినకూడదని ఎక్కడా లేదు. తను పుట్టిన దగ్గర్నుంచి వింటూనే ఉంది. పాడేవాడు ఎక్కడైనా ఆగితే, పక్కనే కూచున్న కుక్కకు ఎవరైనా నాలుగు ముక్కలు చెబితే చెప్పొచ్చు.

మర్నాడు పొద్దున్నే రేవుకు వెళ్ళారు. తెయోదోమీరో మోకాలి లోతు నీళ్ళలో, నది మొదటి వైపు తిరిగి నిలబడ్డాడు. ఎర్మెలిందా ఒడ్డున అతని వైపు వీపు పెట్టి కూచుంది. మధ్యలో కాపితాన్. మసాతో కల్లు నింపిన సొరబుర్రతో రోసాల్బీనా. దోన్ అర్కీమెదెస్ లౌడ్‌స్పీకర్ ఎరువిస్తానని మనిషి చేత కబురంపాడు. లిసార్దోకు చెముడు కాబట్టి ఎర్మెలిందా ఒక్క క్షణం ఆశపడింది గానీ, తెయోదోమీరో కుక్కవైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు.

పాట మొదలైంది. లేవయ్యా లిసార్దో, ఎడమ కాలు ముందు పెట్టు, ఇది కోతి ఏడ్చిన వంపు, ఏడ్చిన కోతిని పలకరించు. ఇది తేనె వంపు, ఆగకు, తాగకు. ఇంజన్ల పొగకు బొంగురుపోయిన గొంతే అయినా నిలకడగా సాగింది. వంపు తరవాత వంపు దాటి, ఒకచోట అతను టక్కున ఆగాడు.

చిలకల మట్టిగోడ ఇంకా రానే లేదు. తరవాతది ఏమిటా అని గుర్తు తెచ్చుకుని ఎర్మెలిందా నిట్టూర్చింది. అది అత్తగారు జారిపడ్డ వంపు. ఆ మాట అత్తగారి వెనక నిలబడి ఏ అల్లుడు అనగలడు?

"కుక్కా, అనొచ్చులే," అంది. "పడింది నేను కాదు. మా ముత్తవ్వ కాలం నాటి ముచ్చట. పైగా ఆవిడే చూసుకుని నడవలేదు."

అతను కళ్ళు మూసుకుని ఆ వంపు పాడేశాడు. అక్కణ్ణుంచి చిలకల మట్టిగోడ దాకా బాగానే వచ్చింది. మట్టిగోడ దగ్గర ఆగాడు. ఈసారి మొహమాటం కాదు.

"కుక్కా," అని ఎర్మెలిందా నోరు తెరిచింది. తెరిచి అలాగే ఉండిపోయింది.

ఆవిడకు ఆ తరవాత వచ్చే తెల్లరాయి వంపు తెలుసు. తెల్లరాయి నుంచి మొదలు దాకా అంతా తెలుసు. మట్టిగోడకూ తెల్లరాయికీ మధ్య ఒక వంపుంది, దాని పేరు తెలియదు. మరిచిపోవడం కాదు, ఎన్నడూ వినలేదు. పాట మట్టిగోడ దాటేసరికి ఆడవాళ్ళందరూ ఒక్కసారి గొల్లుమనాలి, అది పద్ధతి. పోయినవాళ్ళకు ఊరు కనపడకుండా పోయేది అక్కడే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఎర్మెలిందా ప్రతి చావుకూ సరిగ్గా ఆ వంపు మీదే గొంతు చించుకుని ఏడ్చింది. పక్కనున్న ఆడవాళ్ళందరూ ఏడ్చారు. అందరికన్నా గట్టిగా ఏడుస్తుందని ఆవిడకు పేరు కూడాను.

లిసార్దో సగం దారిలో నీళ్ళలో నిలబడి ఉన్నాడు. రంపపు మిల్లు పాయ ఆ పక్కనే. లిసార్దోను రేవులోనే వదిలేసినా బాగుండేది, కనీసం తెలిసిన దోమలు.

"ఏమైందమ్మా?" అంది రోసాల్బీనా.

"దారి లేదు," అంది ఎర్మెలిందా వంటింటి స్పానిష్‌లో. "చిలకలు. తరవాత... లేదు."

రోసాల్బీనా చేతిలో బుర్ర కింద పెట్టింది. పాట మొదలైన దగ్గర్నుంచి ఆమె పెదాలు కదులుతూ ఉన్నాయని ఎవరూ గమనించలేదు. ఆమె నది వైపు చూసింది. పెదాలను చేత్తో తుడుచుకుంది, సబ్బు తుడుచుకున్నట్టు. ఆ తరవాత మన మాటలో, "పాప చెయ్యి వదిలిన వంపు," అంది.

కాపితాన్ చెవులు నిక్కించి ఆమె వైపు తిరిగింది. ఆమె నోట ఆ భాష అది ఎన్నడూ వినలేదు.

"నీకెలా తెలుసు?" అంది తల్లి. అది ఏ భాషలో అడిగిందో ఆవిడకే తెలియదు.

రోసాల్బీనా స్పానిష్‌లోనే చెప్పింది, ఒక్కో మాటా నిదానంగా, తల్లికి అందేలా. సన్యాసినుల పడవలో వెళ్ళేటప్పుడు పడవ నడిపే ముసలాయన్ని ప్రతి వంపు పేరూ అడిగింది. బడిలో రోజూ అవి తలకిందులుగా, కింద నుంచి పైకి, నోరు కదపకుండా చెప్పుకునేది. పారిపోయి రావడానికి. మిగతా మాటలన్నీ పోయాయి గానీ వంపులు పోలేదు.

"మరి రాలేదేం?"

"ఈత రాదుగా. నాకు ఈత వచ్చేసరికి మీరంతా దిగువకి వచ్చేశారు."

పంపినందుకు క్షమించమనడానికి వంటింటి స్పానిష్‌లో మాట లేదు. అందుకని ఎర్మెలిందా కూతురి చెయ్యి పట్టుకుంది. నీళ్ళలోంచి తెయోదోమీరో, ఆచారం ప్రకారం ఎటూ చూడకుండా, అన్నాడు.

"కుక్కా, ఆయన నీళ్ళలో నానిపోతున్నాడు. కానియ్యమంటారా?"

"కానియ్యమను," అంది ఎర్మెలిందా.

పాప చెయ్యి వదిలిన వంపు దగ్గర ఈసారి ఎవరూ ఏడవలేదు. పేరు స్పష్టంగా వినపడింది. తెల్లరాయి నుంచి ఎర్మెలిందా కుక్కకు ఒక్కో ముక్కా చెబుతూ వచ్చింది, తెయోదోమీరో అందుకుని పాడుతూ వచ్చాడు. రోసాల్బీనా నోరు విప్పకుండా వేళ్ళ మీద సరిచూసుకుంటూ వచ్చింది. పాటలో చివరి వంపు దాటాక, పైనున్నవాళ్ళు అన్నం కుండ దించి ఎదురొస్తారు. అక్కడితో ఆపాలి. ఆపాడు.

సాగనంపినవాళ్ళు నదిలో మునిగి, వెనక్కి తిరిగి చూడకుండా ఊళ్ళోకి నడవాలి. ముగ్గురూ మునిగారు. కాపితాన్‌ను కూడా ముంచారు. తెయోదోమీరో ముందు నడిచాడు. ఇన్నేళ్ళలో అతను వీపు అంత తిన్నగా పెట్టుకుని నడవడం ఊరివాళ్ళు చూడలేదు. ఆ వారంలోనే అత్తగారు నడిచే దారిలో బల్ల ఒకటి విరిగింది, అతను బాగుచెయ్యలేదు. ఊళ్ళో మగవాళ్ళు అతన్ని చేపల వేటకు రమ్మని పిలవడం కూడా అప్పుడే మొదలుపెట్టారు.

ఇక ఎర్మెలిందా. తను పోయేటప్పుడు ఈ పాట తనకు పూర్తిగా అందుతుంది. ఏ ఒక్కరి నోటా పూర్తిగా లేదు, అయినా ఇంటిల్లిపాదీ కలిస్తే ఉంది. తన వంతు ముక్కలు వచ్చే వారంలోగా కుక్కకు బాగా వంటపట్టించాలని అనుకుంది. అంటే అల్లుడికి. ఆ పని అయ్యాక చావడానికి అడ్డేమీ ఉండదు. అడ్డేమీ లేదనేసరికి తొందర కూడా ఏమీ కనపడలేదు.

ఇంటికి వచ్చి తడి బట్ట మార్చుకుని, పొయ్యి దగ్గర కూచుంది. వానాకాలం నుంచి సరిగా తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. కూతురి వైపు చూసి, కుక్క వైపు కాదు, మన మాటలో అంది.

"ఆకలేస్తోంది."

రోసాల్బీనా వంగి పొయ్యి ఊదుతోంది. ఊదడం ఆపి, కొంచెం వెతుక్కుని, "చేపుందమ్మా," అంది. యాభై దగ్గరపడ్డ మనిషి నోట్లోంచి ఏడేళ్ళ పిల్ల ముద్దు పలుకులా వచ్చింది ఆ మాట. అక్కడ ఆగిపోయిన భాష కదా, అక్కణ్ణుంచే మొదలైంది.

ఎర్మెలిందా మొత్తం చేపంతా తిని, అరటికాయ వేపుడు కూడా అడిగి పెట్టించుకుని, మిట్టమధ్యాహ్నం వేళ పడుకుంది. పక్కింటావిడ వచ్చి పెద్దావిడ ఎలా ఉందని అడగబోయి, గురక వినిపించి తనే వెనక్కి వెళ్ళిపోయింది.